ఐసు టబ్బులో ఆయాసం

ఇన్‌హేలర్లు ఇక మూసీలో పారేయొచ్చు. ఐసుముక్కల మధ్య మెడదాకా కూర్చుని రెండు నిమిషాలు పళ్లు బిగబడితే ఆస్తమా తోక ముడుస్తుందట. రీల్‌లో చెప్పారు. చెప్పినాయనకు కండలున్నాయి, గడ్డముంది, ముంజేతికి రుద్రాక్షలూ స్మార్ట్‌వాచీ రెండూ ఉన్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలి? చిన్నప్పట్నుంచీ ఉబ్బసంతో వేగుతున్న నాకు ఆ రీల్ పంపని బంధువు లేడు.

వాదన మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆస్తమా అంటే శ్వాసనాళాల్లో వాపు. వాపుకు విరుగుడు ఐసు. మడమ బెణికితే పెట్టుకోవడం లేదా? మరి ఊపిరితిత్తులేం పాపం చేశాయి?

ఈ మడమ సిద్ధాంతం నాకు ఎంత నచ్చిందంటే, దీన్ని వదలబుద్ధి కావడం లేదు. మొదటి సంగతి, మడమ గాలి పీల్చదు. పీల్చే అవయవానికి చల్లటి పొడిగాలి తగిలితే ఏమవుతుందో దశాబ్దాలుగా తెలిసిందే. లోపలికి వెళ్లే ప్రతి గుక్కనూ ఒళ్లు 37 డిగ్రీలకు వేడిచేసి, తేమతో నింపాలి. ఆ వేడిలో లీటరు గాలి 44 మిల్లీగ్రాముల నీటిని మోస్తుంది. సున్నా డిగ్రీల గాలిలో ఉండేది మహా అయితే 5. మిగతాదంతా శ్వాసనాళాల పైపొర నుంచి పిండుకోవాల్సిందే. చినగంజాం ఉప్పుమళ్లలో నీరు ఇగిరినట్టు, అక్కడి పలచటి ద్రవం చిక్కబడి ఉప్పు పెరుగుతుంది. మాస్ట్ కణాలు రెచ్చిపోయి హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు వదులుతాయి. అసలే వాచి చిరాగ్గా ఉన్న నాళాలు బిగుసుకుంటాయి. ఆ తర్వాత వచ్చేదే పిల్లికూతలు.

రెండో సంగతి, టబ్బులోని ఐసు ఊపిరితిత్తుల దాకా పోదు. పోయేది టబ్బులో కూర్చున్నవాడి ఊపిరి. చన్నీళ్లలో దిగగానే ఎవరైనా ఎగశ్వాస తీస్తారు, నోరు తెరిచి గబగబా పీలుస్తారు. అది మన చేతిలో లేని పని. పక్కన నిలబడి 'రిలాక్స్ బ్రో' అన్నంత మాత్రాన ఆగదు. ముక్కు చేయాల్సిన వెచ్చబరిచే పని నోటికి చేతకాదు. ముఖానికి చలి తగిలినా ఆస్తమా ఉన్నవాళ్లలో నాళాలు ముడుచుకుంటాయి. అంటే వాపు తగ్గించే యంత్రమని అమ్ముతున్నది నిజానికి ఆయాసం తెప్పించే యంత్రం.

మూడో సంగతి కూడా చెప్పేస్తాను, మడమ మీద కక్ష తీరలేదు. చలిగాలిని రోజూ బలంగా పీల్చితే వాపు పోయేదే అయితే, లోకంలో అందరికన్నా మంచి ఊపిరితిత్తులు స్వీడన్, నార్వేల స్కీ క్రీడాకారులకు ఉండాలి. ఏళ్ల తరబడి మంచులో గుక్కలు గుక్కలుగా గాలి పీల్చి సాధన చేసేది వాళ్లే కదా! తీరా చూస్తే 1993లోనే స్వీడన్ పరిశోధకులు తమ దేశపు స్కీ క్రీడాకారుల్లో ఆస్తమా విపరీతంగా ఉందని చెప్పారు. తర్వాత నాళాల నుంచి ముక్క తీసి చూస్తే, ఆస్తమా లేనివాళ్లలో కూడా వాపు కనిపించింది. మైనస్ 20 డిగ్రీలకన్నా చలి ముదిరితే క్రాస్ కంట్రీ పోటీలు పెట్టకూడదని అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం. వాళ్లకెవరికీ మన రీల్ అందలేదు పాపం.

ఇంత చెప్పినా 'పరిశోధన ఉంది సార్' అంటారు. ఉంది. 2014లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 24 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు బాక్టీరియా విషం ఎక్కించి చూశారు. సగం మందికి ముందే గాఢశ్వాసలు, చలి తట్టుకునే సాధన నేర్పారు. వాళ్ల రక్తంలో అడ్రినలిన్ పెరిగింది, వాపు సంకేతాలు తగ్గాయి. మంచిదే. ఆ 24 మందిలో ఆస్తమా రోగి ఎక్కడున్నాడు? కొలిచింది రక్తాన్ని, శ్వాసనాళాలను కాదు.

ఇక నవ్వలేను. ఐసు కోచ్‌లూ, మీరు అమ్ముతున్నది ఐసు మాత్రమే అయితే నాకేం పోయింది, మీ ఐసు మీ ఇష్టం. కానీ దాంతోపాటు 'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, స్టెరాయిడ్ అది, మానేయండి' అని కూడా అమ్ముతున్నారు. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా నాళాలకే చేరుతుంది. అది మానేసి, చివరికి ఆసుపత్రిలో పడ్డాక ఇచ్చే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో, ఒళ్లంతటికీ. అసలు వాపును అణచేది ఆ మైక్రోగ్రాములే. 2019 నాటి అంచనాల ప్రకారం ప్రపంచ ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, ఆస్తమా మరణాల్లో 40 శాతం పైగా ఇక్కడివే. రోజూ వాడాల్సిన మందును సిగ్గుపడి, భయపడి, వాడనివాళ్లు ఇంటింటా ఉన్న దేశం ఇది. ఆ భయానికి లైకులు, షేర్లు సంపాదిస్తున్న మిమ్మల్ని ఏమనాలి?

ఉబ్బసానికి ఉచిత సలహాలు మాకు కొత్త కాదు. అరటిపండు తినొద్దన్నారు, మానేశాం. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను మింగమన్నారు. అది కనీసం ఏడాదికోసారి, పైగా మందుకు పైసా అడగరు. చలిలో మూతికి మఫ్లర్ చుట్టుకోమని మా అమ్మమ్మ చంపుకు తినేది. ఏ కోర్సూ చేయని ఆవిడ చెప్పిందే సరైనది: మఫ్లర్ చాటున మన ఊపిరిలోని వేడీ తేమా మళ్లీ మనకే దక్కుతాయి. దానికి ప్యాకేజీ లేదు, ఈఎంఐ లేదు, అందుకే రీల్ కూడా లేదు.

ఓ మిత్రుడి బలవంతం మీద ఈ ఐసు టబ్బుల స్టూడియో ఒకటి చూసొచ్చాను. గోడ మీద బారెడు అక్షరాల్లో 'ఆస్తమాకు గుడ్‌బై'. బల్ల మీద సంతకం కోసం ఓ ఫారం. అందులో చీమల బారులాంటి అక్షరాల్లో: గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవారు టబ్బులో దిగరాదు, దిగితే మా బాధ్యత లేదు. గోడ మీది రాత కోచ్‌ది, ఫారం మీది రాత వాళ్ల లాయరుది. నేను లాయరు మాటే విన్నాను.