ఈగల పాడి

పెంపుడు గొల్లభామను షికారుకు తిప్పక్కర్లేదు, అది మొరగదు, సోఫా చింపదు. ఓ గాజు సీసా, ఎక్కడానికి ఓ పుల్ల, రోజూ కాసిని నీటి తుంపరలు ఉంటే చాలు. బ్రిటన్, అమెరికాల్లో ఈ సరదా ఉన్నవాళ్లు కొత్తవారికి చేసే బోధ ఇదే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. వదిలేసిన చిన్న సంగతి ఏమిటంటే, అది తింటుంది. అదీ కదిలేదాన్నే తింటుంది. చచ్చిన ఈగను తినిపించాలంటే పట్టకారుతో పట్టుకుని, దాని ముందు బతికున్నట్టు ఆడించాలి. రోజూ ఆ తోలుబొమ్మలాట ఆడే ఓపిక లేనివారు పురుగులను పెంచడం మొదలుపెడతారు.

మొదటి మెట్టు డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ. కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ జన్యుశాస్త్రాన్ని నిలబెట్టి 1933లో నోబెల్ అందుకున్నది ఈ ఈగతోనే. ఇప్పుడు అదే ఈగ, ఎగరలేని రకంగా, గొల్లభామ పిల్లల ఫలహారం. మగ్గిన అరటిపండు, చక్కెర, ఈస్టు, చుక్క వెనిగర్ కలిపి సీసాలో పోసి కొన్ని ఈగలను వదిలితే పది పన్నెండు రోజుల్లో కొత్త తరం దిగుతుంది. సీసాలోకి బయటి ఈగ ఒక్కటి దూరి జతకట్టిందా, దాని సంతానానికి రెక్కలొచ్చి వంటింట్లో విహారం మొదలు. పిల్ల గొల్లభామ రోజుకు తినేది కొద్దిపాటి ఈగలనే. కుబుసం విడిచే ముందు కొన్ని రోజులు అదీ మానేస్తుంది. ఈగలకు అలాంటి ఉపవాసాలు లేవు.

గొల్లభామ కాస్త ఎదిగాక పెద్ద ఈగలు కావాలి. బ్రిటన్‌లో ఇందుకు దారి చేపల గాలాలు అమ్మే దుకాణం. అక్కడ ఎరగా అమ్మే ఈగ పురుగులను కొని, రంపపు పొట్టులో వేసి, ఫ్రిజ్‌లో పాల సీసా పక్కన పెట్టి, అవసరమైనప్పుడు కొన్నిటిని బయటికి తీసి ఈగలు కానిస్తారు. ఖర్చులేని పెంపకం గురించిన ఉపన్యాసాల్లో ఇంట్లో మిగతావాళ్ల అభిప్రాయం ఎందుకో వినిపించదు.

గొల్లభామ మేతల్లో అసలు వైభవం కీచురాళ్లది. వాటికి ముప్పై డిగ్రీల వెచ్చదనం, దాక్కోవడానికి గుడ్ల అట్టలు, గుడ్లు పెట్టడానికి తడి ఇసుక కావాలి. గిన్నెలో నీళ్లు పెడితే మునిగి చస్తాయి కనుక తడి స్పాంజి పెట్టాలి. తిండి తక్కువైతే ఒకదాన్నొకటి తింటాయి, ఎక్కువైతే అది కుళ్లి కంపు. మగవి రాత్రంతా కచేరీ చేస్తాయి. వీటికి వైరస్ రోగాలు కూడా ఉన్నాయి. 2009 తర్వాత అమెరికాలో కీచురాళ్ల ఫారాలను ఒక డెన్సోవైరస్ ఊడ్చేసింది. గొల్లభామకు బలం పట్టాలంటే ముందు కీచురాయికి క్యారెట్టు, తవుడు మేపాలట. ఇంత చేసినా, కుబుసం విడుస్తూ కదలలేక వేలాడే గొల్లభామను అదే కీచురాయి కొరికి తినేసే ప్రమాదం ఉంది. ఆ ఇంట్లో ఎవరిని ఎవరి కోసం పెంచుతున్నారో అప్పుడు తేలుతుంది.

తోటలో పురుగులు పట్టుకొచ్చి వేయొచ్చుగా అంటే, వాటి ఒంట్లో పురుగుమందు ఉండొచ్చని భయం. ఆ భయం న్యాయమైనదే. కానీ జెయింట్ ఏషియన్ పేరుతో ఈ సరదారాయుళ్లు కొనే గొల్లభామకు సొంత ఊళ్లు భారతదేశంలోనూ ఉన్నాయి. మన చేలల్లో గొల్లభామలను మిత్ర పురుగుల లెక్కలో వేస్తారు. ఎవరూ వాటికి ఈగలు పెంచి పెట్టరు. తిండి అవే వెతుక్కుంటాయి, రైతుకు ఆ మేరకు పురుగు బెడద తగ్గుతుంది. సీసాలో కూర్చోబెట్టాకే ఈ లెక్క తిరగబడింది.

గొల్లభామ ఆయుష్షు ఇంచుమించు ఏడాది. అది పోయేనాటికి తడి ఇసుకలో కీచురాయి గుడ్లు పొదుగుతూనే ఉంటాయి, ఈగల సీసాలు నిండుగా ఉంటాయి. ఇంత తిండి వృథా చేయడం ఎందుకని యజమాని ఒక గొల్లభామ గుడ్ల సంచి తెప్పిస్తాడు. అందులోంచి ఒకేసారి వందకు పైగా పిల్లలు దిగుతాయి. వాటికి ఉన్న ఈగలు చాలవు.