బయోగ్రఫీ ప్రాజెక్టుకు తలకిందుల సలహాలు

అమెరికాలో ఎలిమెంటరీ స్కూలుకు వెళ్లే పిల్లలున్న తెలుగిళ్లకు ఏదో ఒక ఏడాది బడి నుంచి బయోగ్రఫీ ప్రాజెక్టు కాగితం వచ్చి తీరుతుంది. ఒక ప్రముఖ వ్యక్తిని ఎంచుకోవాలి, జీవితచరిత్ర రాయాలి, మూడు మడతల బోర్డు తయారుచేయాలి, ఆ వ్యక్తి వేషం వేసుకుని క్లాసులో పెట్టే వ్యాక్స్ మ్యూజియంలో బొమ్మలా నిలబడాలి. ఫిఫ్త్ గ్రేడ్ దగ్గరకొచ్చేసరికి పదమూడు కాలనీల పాఠం కూడా తోడవుతుంది. వెంటనే సలహాలు మొదలవుతాయి. బాగా పేరున్నవాళ్లను తీసుకో, పుట్టిన తేదీతో మొదలుపెట్టు, మంచి కథ ఒకటి చెప్పు, బోర్డు నీట్‌గా ఉండాలి, చివర్లో నీతి రాయి.

నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. విన్న వెంటనే తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. అయినా ఆలోచించే చెబుతున్నాను. పిల్లలకు చరిత్రతో తొలి పరిచయం ఈ ప్రాజెక్టే. చరిత్ర అంటే పెద్దవాళ్లను పొగడటమని ఎనిమిదేళ్లప్పుడు అలవాటైతే, పద్దెనిమిదేళ్లకు ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం. "ఇది మనకెలా తెలిసింది?" అని అడగడం ఇప్పుడే నేర్పాలి.

1. గొప్పవాళ్లను తీసుకోనివ్వకండి

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను క్లాసులో ఎలాగూ ఎవరో ఒకరు తీసుకుంటారు. మీ అమ్మాయి చేత ఆయన చెల్లెలు జేన్ గురించి రాయించండి.

బోస్టన్‌లో సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్మే జొసయా ఫ్రాంక్లిన్‌కు పదిహేడుమంది పిల్లలు. కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు బెంజమిన్, 1706లో పుట్టాడు. కూతుళ్లలో ఆఖరిది జేన్, 1712లో పుట్టింది. బెంజమిన్ బడికి వెళ్లింది రెండేళ్లే. జేన్‌కు ఆ రెండేళ్లు కూడా దక్కలేదు. ఆ రోజుల్లో మసాచుసెట్స్‌లో ఆడపిల్లలకు చదవడం నేర్పేవారు గానీ రాయడం నేర్పాలని అంతగా అనుకునేవారు కాదు. జేన్‌కు పదిహేనేళ్లకే పెళ్లయింది. పన్నెండుమంది పిల్లలను కన్నది. వాళ్లలో పదకొండుమంది ఆమె కళ్లముందే పోయారు. కాగితాలను చేత్తో కుట్టి చిన్న పుస్తకంగా చేసుకుని, అందులో పుట్టుకలూ చావులూ రాసుకుంది. అన్నతో జీవితాంతం ఉత్తరాలు నడిపింది.

ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న. ఒకరు దేశం గర్వించే మనిషి అయితే ఇంకొకరి పేరు పాఠంలో కనిపించదు. కాలనీల్లో ఆడపిల్లల బతుకేమిటో పాఠ్యపుస్తకంలోని పేరా కన్నా ఈ అన్నాచెల్లెళ్లను పక్కపక్కన పెడితే బాగా తెలుస్తుంది.

మీ వాడికైతే వావావుస్‌ను చూపించండి. నిప్మక్ తెగకు చెందిన ఇతణ్ని ఇంగ్లిషువాళ్లు జేమ్స్ ప్రింటర్ అని పిలిచారు. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిల్ ఇంగ్లిషుది కాదు. 1663లో స్థానిక మసాచుసెట్ భాషలో వచ్చింది. దాన్ని కేంబ్రిడ్జి ప్రెస్సులో అచ్చువేసిన చేతుల్లో ఇతనివీ ఉన్నాయి. కాలనీల చరిత్రలో మూలవాసులు యుద్ధంలోనూ విందులోనూ మాత్రమే కనిపిస్తే, ప్రెస్సులో పనిచేసిన ఇతను పిల్లలకు ఎప్పటికీ తెలియడు.

2. పుట్టుకతో కాదు, వీలునామాతో మొదలుపెట్టండి

టీచరు కచ్చితంగా ఫ్రాంక్లినే కావాలంటే సరే. కానీ మొదటి వాక్యం "1706 జనవరి 17న బోస్టన్‌లో జన్మించాడు" అని వద్దు. ఆ వాక్యం ఏ ప్రశ్ననూ పుట్టించదు. చిన్నపిల్లలకు చావు సంగతులెందుకని పెద్దలు జంకుతారు గానీ, పిల్లలు జంకరు. ఒక మనిషి పోతూ ఏది ఎవరికి ఇచ్చాడో వాళ్లకు ఎంతో ఆసక్తి.

ఫ్రాంక్లిన్ 1790లో పోయాడు. అంతకు ముందు ఏడాది వీలునామాకు ఒక అనుబంధం చేర్చి బోస్టన్‌కూ ఫిలడెల్ఫియాకూ చెరో వెయ్యి పౌండ్లు రాశాడు. ఆ డబ్బును పని నేర్చుకున్న కుర్రవాళ్లకు వడ్డీకి అప్పులిస్తూ రెండు వందల ఏళ్లు తిప్పాలన్నది షరతు. ఎందుకలా? వయసులో ఉన్నప్పుడు ఫిలడెల్ఫియాలో సొంత ప్రెస్సు పెట్టుకోవడానికి ఇద్దరు స్నేహితులు తనకు అప్పిచ్చారని, తన సంపాదనకు పునాది అదేనని అక్కడే రాశాడు. ఇప్పుడు పిల్లవాడు తనంతట తానే వెనక్కి వెళ్తాడు. అప్పు ఎందుకు కావలసి వచ్చింది? ఫిలడెల్ఫియాకు ఎందుకొచ్చాడు? బోస్టన్‌లో అన్న జేమ్స్ దగ్గర అచ్చుపని నేర్చుకుంటూ, ఆ కట్టుబాటు భరించలేక 1723లో పారిపోయి వచ్చాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు.

అదే వీలునామాలో కొడుకు విలియమ్‌కు దాదాపు ఏమీ మిగల్చలేదు. విలియం న్యూజెర్సీకి బ్రిటిష్ రాజు నియమించిన గవర్నరు. అమెరికన్ విప్లవంలో రాజు పక్షాన నిలబడ్డాడు. ఆ యుద్ధం ఇళ్లలోనూ జరిగిందని పిల్లలకు తెలియడానికి ఇంతకంటే ఏం కావాలి? మరోచోట, అల్లుడు తన దగ్గరున్న బాబ్ అనే బానిసను విడిచిపెట్టాలని రాశాడు. స్వేచ్ఛ కోసం పోరాడినవాళ్ల ఇళ్లలో బానిసలుండటమేమిటని పిల్లలు అడుగుతారు. అడగాలనే ఈ వీలునామా చూపించమంటున్నాను.

3. మీ హీరో చేసిన తప్పు ముందు రాయించండి

ఆ ప్రశ్నను "అప్పట్లో అందరూ అంతే" అని దాటేయకండి. అది నిజం కూడా కాదు. బానిసత్వం తప్పని పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు 1688లోనే రాతపూర్వకంగా నిరసన తెలిపారు. ఫ్రాంక్లిన్ పుట్టడానికి పద్దెనిమిదేళ్ల ముందు సంగతి అది. ఆయన బానిసలను ఉంచుకున్నాడు. తన పత్రికలో వాళ్ల అమ్మకాల ప్రకటనలు వేసి డబ్బు తీసుకున్నాడు. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పోయే ముందు, 1790లో, బానిసత్వాన్ని అంతం చేయమంటూ కాంగ్రెస్‌కు వెళ్లిన వినతిపత్రం మీద సంతకం పెట్టాడు.

ఈ వరసలోనే రాయించండి. చివరి సంగతి ఒక్కటే రాస్తే ఆయన మారాడన్న విషయమే మాయమవుతుంది. మనిషి ఎనభై దాటాక కూడా మనసు మార్చుకోగలడని పిల్లలకు తెలియడం ఆయన గాలిపటం, పిడుగు కథ కన్నా విలువైనది.

4. అందమైన కథ దొరికితే పక్కన పెట్టించండి

జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి తండ్రి ముందు ఒప్పుకున్నాడన్న కథ చెప్పకుండా ఏ పెద్దవాళ్లూ ఉండలేరు. ఆ కథను మేసన్ లాక్ వీమ్స్ అనే రచయిత 1806 నాటి తన పుస్తకంలో మొదటిసారి వేశాడు. వాషింగ్టన్ అప్పటికే పోయి ఏడేళ్లయింది. చెట్టు నరికాడనడానికి అంతకు ముందు ఆధారమేదీ లేదు. నిజం చెప్పడం గొప్పదని నేర్పే కథే నిజం కాదన్నమాట.

అందుకే ప్రతి కథకూ రెండు ప్రశ్నలు. మొదట ఎవరు చెప్పారు? జరిగిన ఎన్నేళ్లకు చెప్పారు? మిగతాది తీసివేత లెక్క, థర్డ్ గ్రేడ్ పిల్లలకు వచ్చిందే. బెట్సీ రాస్ 1776లో మొదటి అమెరికా జెండా కుట్టిందన్న కథను ఆమె మనవడు విలియం కాన్బీ 1870లో ఒక సభలో చెప్పాడు. తేడా 94 ఏళ్లు. 1607లో మూలవాసుల అమ్మాయి పోకహాంటస్ తన ప్రాణం కాపాడిందన్న కథను ఇంగ్లిషువాడైన జాన్ స్మిత్ 1624 పుస్తకంలో విస్తరించి చెప్పాడు. 1608లో అచ్చయిన అతని వృత్తాంతంలో ఆ సంఘటన లేదు. తేడా 17 ఏళ్లు. పోకహాంటస్ 1617లోనే ఇంగ్లండ్‌లో చనిపోయింది కాబట్టి, ఔననడానికీ కాదనడానికీ ఆమె లేదు.

కథలను చింపేయమనడం లేదు. బోర్డు మీద వాటికి వేరే చోటు ఇవ్వండి. పైన "తర్వాత చెప్పుకున్న కథలు" అని రాయించి, ఆ తేడాను పెద్ద అంకెల్లో వేయించండి.

5. ఒక పేజీ నిండా "తెలియదు" అని రాయించండి

ఖాళీ కనిపిస్తే నింపేయమంటాం. నేను ఖాళీని చూపించమంటాను.

1761లో పశ్చిమాఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చిన ఒక ఓడ బోస్టన్‌లో ఆగింది. ఓడ పేరు ఫిలిస్. అందులోని ఒక పిల్లను వీట్లీ కుటుంబం కొన్నది. ఆమెకు ఓడ పేరే పెట్టారు, ఇంటిపేరు కొన్నవాళ్లది. ఆమె అసలు పేరు తెలియదు. పుట్టిన తేదీ తెలియదు. కన్నవాళ్లెవరో తెలియదు. ముందు పళ్లు ఊడి ఉన్నాయి కాబట్టి ఏడేళ్లుంటాయని లెక్కకట్టారు. పన్నెండేళ్ల తర్వాత, 1773లో, ఆమె కవితల పుస్తకం లండన్‌లో వెలువడింది. అవి ఆమే రాసిందని నమ్మించడానికి బోస్టన్ పెద్దమనుషులు పద్దెనిమిదిమంది సంతకాలు చేయవలసి వచ్చింది.

రాస్తున్న మీ పిల్లకూ పాలపళ్లు ఊడుతుండవచ్చు. ఫిలిస్ పుట్టినరోజు బోర్డు మీద ఎందుకు లేదో చెప్పండి. మనుషులను కొనుక్కున్నవాళ్లకు ఆ తేదీ అక్కరలేదు కాబట్టి ఎవరూ రాయలేదు. "తెలియదు" అనేదే అక్కడ అసలు చరిత్ర.

6. వేషం వద్దు, అందమైన బోర్డూ వద్దు

ముఖ్యంగా కాగితం ఈకల కిరీటం వద్దు. 1621లో ప్లిమత్ విందుకు వచ్చిన వాంపనోగ్ తెగవాళ్లు అలాంటివి పెట్టుకునేవారు కాదు. ఆ పెద్ద ఈకల కిరీటాలు ఎక్కడో పడమటి మైదానాల తెగలవి. వాంపనోగ్‌లు ఇప్పటికీ మసాచుసెట్స్‌లో ఉన్నారు. వాళ్లను మన పిల్లలు వేషంగా వేసుకోకూడదు.

నాన్న రాత్రి కూర్చుని ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన కాలనీ ఇల్లు కూడా వద్దు. దానికి బదులు సుద్దముక్క తీసుకుని డ్రైవ్‌వేలోనో పార్కింగ్ లాట్‌లోనో మేఫ్లవర్ ఓడను గీయించండి. సుమారు వంద అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. 1620లో అందులో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండ్ నుంచి 66 రోజుల పాటు వచ్చారు. వాళ్లున్నది మొత్తం ఓడలో కాదు, లోపల తల వంచుకుని నడవాల్సిన ఒక్క అంతస్తులో. పిల్లలను ఆ గీతల్లో నిలబెట్టి, అంతమందికి చోటు ఎక్కడో వెతకమనండి. దిగాక మొదటి చలికాలంలోనే సగంమంది పోయారని చెప్పండి. ఆ గీతల ఫోటో ఒకటి బోర్డు మీద వంకరగా అంటించినా చాలు.

7. మన ఇండియా గొప్పను ఇరికించకండి

బోస్టన్ టీ పార్టీ పాఠం రాగానే "ఆ టీ మనదే" అని చెప్పే పెద్దలున్నారు. మనది కాదు. 1773లో సముద్రంలో పారబోసిన 342 పెట్టెల్లోనిది చైనా టీ. అమ్మింది ఈస్టిండియా కంపెనీ. అస్సాంలో టీ తోటలు వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో.

నిజమైన సంబంధం కావాలంటే ఉంది, అది గొప్ప చెప్పుకునేది కాదు. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్‌ను పిల్లలు ఓడిన బ్రిటిష్ సేనానిగా చదువుతారు. 1786లో అతనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు వచ్చాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. అదే పద్ధతిని 1802 నుంచి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాలున్న ఉత్తర సర్కారుల్లోనూ అమలుచేశారు. మన జమీందారీల చరిత్రలో పెద్ద భాగం అక్కడిది. అలాంటి సంబంధమే ఇంకొకటి ఉంది. యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలిహూ యేల్ పుట్టింది బోస్టన్‌లో, డబ్బు చేసుకుంది మద్రాసు గవర్నరుగా. సొంత వ్యాపారాల ఆరోపణల మీద 1692లో పదవి పోయింది. 1718లో అతను పంపిన సరుకు మూటలు అమ్మగా వచ్చిన డబ్బే ఆ కళాశాలకు అతని పేరు తెచ్చిపెట్టింది. వీటిని ఇంట్లో తెలుగులోనే చెప్పండి. అమ్మమ్మకో తాతయ్యకో జమీందారీ రోజుల సంగతులు గుర్తుంటే ఫోను కలిపి అడగమనండి. బోర్డు మీద ఒక్క వాక్యం చాలు.

8. నీతి రాయనివ్వకండి, మార్కులు పోతే పోనివ్వండి

"కష్టపడితే ఏదైనా సాధించవచ్చని నేర్చుకున్నాను" అనే చివరి వాక్యాన్ని కొట్టేయించండి. జేన్ ఫ్రాంక్లిన్ కష్టపడలేదా? ఫిలిస్ వీట్లీ 1784లో పేదరికంలో పోయింది. ఆమె కష్టపడలేదా? ఆ వాక్యం వాళ్లిద్దరికీ అన్యాయం. చివర్లో పిల్లలకు ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉండాలి.

ఇలా చేస్తే మార్కుల రూబ్రిక్‌లో కొన్ని గళ్లు ఖాళీగా మిగలవచ్చు. టీచరుకు ముందే రెండు ముక్కలు రాసి, మీ పిల్ల ఏం చేయబోతోందో చెప్పండి. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే ఒక గ్రేడు తగ్గుతుంది. ఎలిమెంటరీ స్కూలు గ్రేడు ఏ కాలేజీ దరఖాస్తుకూ ఎక్కదు. ఒక మనిషి గురించి విన్నది నమ్మేముందు ఆధారం అడగడం మాత్రం ఆ పిల్లకు జీవితమంతా పనికొస్తుంది. ఈ ఏడాది ఆ కాగితం మీ ఇంటికి వస్తే, దయచేసి బోర్డు కొనే ముందు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ప్రశ్న అడగండి: ఈ సంగతి మనకెలా తెలిసింది?