మిక్సీ మరమ్మతు పద్యం: టీకా తాత్పర్యసహితం

మూలం (ఆటవెలది)

మురికితోడ మిక్సి మోసుకొచ్చినవాడు
తుడుపు కూలి కూడ తోడ నిచ్చు
కడిగి తెచ్చువాడు కాలిన మోటారు
కొత్త ధరకు చుట్టు కొట్టులోన

అవతారిక: హైదరాబాదులో నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు వచ్చే దారిలో ఏ మిక్సీ రిపేరు కొట్టు ముందు నిలబడినా స్ఫురించే పద్యమిది. కర్త తెలియరాడు. సర్వీసు చార్జి చెల్లించి ఇంటికి నడుస్తూ చెప్పినదని నడకను బట్టి ఊహించవచ్చు. అక్కడి త్యాగరాయ గానసభలో ఇన్ని సభలు జరుగుతున్నా దీనిమీద ఒక్క ప్రసంగమూ వినబడలేదు గనుక పూనుకోవలసి వచ్చింది.

ప్రతిపదార్థం: మురికితోడ = దోసెల పిండి, అల్లం వెల్లుల్లి, కొబ్బరి పచ్చడి శేషాలతో సహా; మిక్సి = మిక్సీని (దీర్ఘాన్ని ఛందస్సు మింగింది); మోసుకొచ్చినవాడు = జారు ఇంట్లో మరిచి, అడుగుభాగం మాత్రం సంచిలో పెట్టుకొచ్చినవాడు; తుడుపు కూలి = బిల్లులో సర్వీసు చార్జి అనబడేది; కూడ, తోడ = రెంటికీ ఒకటే అర్థం, ఒకటి యతి కోసం, రెండోది బిల్లు కోసం; కడిగి తెచ్చువాడు = కొళాయి కింద పెట్టి స్నానం చేయించి తెచ్చినవాడు; కొత్త ధరకు = కొత్త మిక్సీ ధరకు చేరువగా; చుట్టు = రాగి తీగ చుట్టించుకొనును. తానే కొట్టు చుట్టూ తిరుగునని మరో అర్థం. రెండూ అనుభవసిద్ధాలే.

టీక: రిపేరుకు ఇచ్చే ముందు శుభ్రం చేయాలా, వద్దా అన్నదే వివాదం. చేయాలంటుంది చిక్కడపల్లి సంప్రదాయం. కప్లర్ (జారు కూర్చునే పళ్లచక్రం) కింద రాయిలా గట్టిపడ్డ పిండిని మెకానిక్ నలుగురి ముందూ స్క్రూడ్రైవరుతో గీకుతుంటే పోయేది ఇంటివాళ్ల పరువు, పైగా గీకినందుకూ కూలి. అశోక్‌నగర్ సంప్రదాయం ఒప్పుకోదు. ఇది సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల పక్షం. తెలియనిదాన్ని వదిలేస్తే సున్నా, ముట్టుకుంటే నెగెటివ్ మార్కులు అని వీరి వాదం.

నేను అశోక్‌నగర్ వైపే, కారణం మాత్రం వేరు. మురికి సాక్ష్యం. జారు అడుగున బుష్ అరిగితే పచ్చడి నీళ్లు బొట్లుబొట్లుగా కారి, కప్లర్ పక్క నుంచి లోపలికి దిగుతాయి. దిగిన దారి పొడవునా పసుపు చార ఎండి ఉంటుంది. చేయి తిరిగినవాడు ఆ చార చూసి, మోటారు జోలికి పోకుండానే "బుష్ వోయింది మేడమ్, జార్ దెండి" అంటాడు. చార తుడిచేసి తీసుకెళితే పాపం అతనికి మాత్రం దిక్కేముంది, మోటారు విప్పాల్సిందే. ఇక కడిగితే నీళ్లు గాలి కంతల్లోంచి తీగచుట్టలోకి చేరతాయి. ఆరకముందే ప్లగ్గు పెట్టి "తిరుగుతుందేమో చూద్దాం" అన్నామో, పద్యంలో మూడో పాదం సార్థకమవుతుంది.

శాస్త్రాంతర ప్రమాణం: తుపాకీని మరమ్మతుకు ఇవ్వడమే చూడండి. తుడిచి ఇవ్వాలా, అలాగే ఇవ్వాలా అన్న పేచీ అక్కడా ఉన్నదే. గుళ్లు తీసేసి ఇవ్వాలన్నదాంట్లో మాత్రం పేచీ లేదు. మన పక్షాన దీనికి సాటి, బ్లేడున్న జారును గుడ్డలో చుట్టి తేవడం.

కూలి విచారం: "ఎంతైతదన్నా?" "ఇప్పి సూస్తెగాని తెల్వది మేడమ్." ఇందులో విప్పడం ఒక క్రియ, చూడటం మరో క్రియ, మళ్లీ బిగించడం చెప్పకుండా వచ్చే మూడోది. పూర్వపక్షం ఏమంటే, మిక్సీ అడుగున ఓవర్‌లోడ్ ఎర్ర మీట ఉంటుంది. పప్పు గట్టిగా పడితే అది తన్నుకుని మోటారును ఆపుతుంది. మెకానిక్ దాన్ని నొక్కుతాడు, మిక్సీ తిరుగుతుంది. ఒక్క నొక్కుకు డబ్బులా? ఇవ్వాల్సిందే, ఆ మీట ఇన్నాళ్లూ మన వంటింట్లోనే ఉంది మరి. నొక్కిన సంగతి దాచి, "రేపు రాండ్రి, కార్బన్ బ్రష్‌లు మార్చాలె" అంటే మాత్రం అది కూలి కాదు, దోపిడీ.

అసలు మన మిక్సీ పుట్టుకే మరమ్మతు దొరక్క. 1960ల్లో సీమెన్స్ ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ బ్రౌన్ మిక్సర్ చెడిపోయింది. బాగుచేసే దారి కనబడక, మన పప్పులకు తట్టుకునే యంత్రం తానే తయారుచేయడానికి పూనుకున్నాడాయన. అదే సుమీత్.

తాత్పర్యం: ముందు ప్లగ్గు తీసి, మోటారు చల్లారనిచ్చి, కింద మీట నొక్కి చూడండి. అప్పటికీ తిరగకపోతే పైపైన పొడిగుడ్డతో తుడవండి, కప్లర్ దగ్గర ముట్టుకోవద్దు. జారూ వెంట తీసుకెళ్లండి. విప్పకముందే చూసినందుకు ఎంతో, అది రిపేరు డబ్బులో కలుస్తుందో లేదో అడగండి. ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట) మార్చామంటే పాతది చేతికి తీసుకున్నాకే డబ్బులివ్వండి.