స్టీమిట్ ఓటు మీట ఆత్మకథ

నేను స్టీమిట్ అనే రాతల వేదికలో ఓటు మీటను. ప్రతి రాత కింద చిన్న గుండ్రంలో పైకి చూస్తూ ఉండే బాణం గుర్తును. ఫేస్‌బుక్‌లో ఉన్న మా అన్న లైకు మీటకు లేని పెత్తనం నాకుంది: నన్ను నొక్కితే డబ్బు రాలుతుంది.

2016లో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనే ఇద్దరు స్టీమ్ బ్లాక్‌చెయిన్ పెట్టి దాని మీద నన్ను కూర్చోబెట్టారు. నా పుట్టుక గురించి అంతకంటే చెప్పుకోవలసింది లేదు. రోజూ పుట్టే కొత్త స్టీమ్ టోకెన్లలో ఏ రాతకు ఎన్ని చేరాలో నన్ను నొక్కే వేళ్లే తేల్చాలి. అయితే ఇక్కడ మనిషికో ఓటు కాదు. ఎవరు ఎంత స్టీమ్ కూడబెట్టి ఖాతాలో బిగించి పెట్టుకుంటే వారి వేలికి అంత బరువు.

తొలి రోజుల్లో నాకు గర్వంగానే ఉండేది. ముక్కూమొహం తెలియని మనిషి రాసింది చివరిదాకా చదివి, కాసేపు ఆగి నన్ను నొక్కేవారుండేవారు. ఆ ఆగడమే నాకు జీతం.

అప్పట్లో వచ్చినదాంట్లో రచయితకు 75 శాతం, ఓటు వేసినవారందరికీ కలిపి 25 శాతం. చిక్కంతా అక్కడే. పరాయి రాతకు ఓటేస్తే దక్కేది ఆ పాతికలో పంపకం. తన రాతకు తానే వేసుకుంటే రెండు వాటాలూ తన జేబులోకే. మొదట్లో దీనికో అడ్డుండేది. ఓట్ల బరువు రెట్టింపైతే ఫలం నాలుగింతలయ్యేది కాబట్టి, ఒంటరిగా నొక్కుకునే చిన్న ఖాతాకు ఏమీ రాలేది కాదు. కానీ ఆ లెక్కలో తిమింగలాలని పిలిచే పెద్ద ఖాతాలదే రాజ్యం. చిన్నవాళ్లకూ అందాలని 2017 జూన్‌లో బరువెంతో ఫలమంత అని మార్చారు. ఆ మంచే నా కొంప ముంచింది. తన ఓటు తనకే వేసుకుంటే చాలు, ఇక ఎవరి మెప్పూ అక్కర్లేదు.

ఒక ఖాతాదారుణ్ణి మరచిపోలేను. మంచి వ్యాసం కింద "బాగుంది" అని ఒక్క మాట పడేసి, దానికి తానే నిండు ఓటు వేసుకునేవాడు. రోజుకు పది నిండు ఓట్ల సత్తువ ఉంటే పదీ తన "బాగుంది"లకే. పైనున్న వ్యాసానికి చిల్లర, కింద మాటకు నోటు! అడిగితే, "నా స్టీమ్, నా ఇష్టం" అనేవాడు. నలుగురూ గట్టిగా నిలదీశాక రెండో ఖాతా తెరిచాడు.

తర్వాత అసలు నేనే అక్కర్లేకుండా పోయాను. ఓట్లు అమ్మే బాట్లు వచ్చాయి. వాటికి వేలు లేదు, తెర లేదు, చదువు అసలే లేదు. డబ్బు కట్టిన రాతలు ట్రెండింగ్‌కెక్కాయి. లెక్కల్లో ఓట్లు పడుతూనే ఉన్నాయి, నన్ను తాకేవారే తగ్గిపోయారు. చదివేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. కష్టపడి రాసేవాళ్లు వాళ్ల వెనకే నడిచారు. ఖాళీ ఇంట్లో దీపంలా తెర మీద మిగిలాను.

2019 ఆగస్టులో వైద్యం చేశారు. ఓటేసేవారి వాటాను సగానికి పెంచారు. కిందికి చూసే మా తమ్ముడికి, అంటే వ్యతిరేక ఓటు మీటకు, విడిగా కొంత సత్తువ ఇచ్చారు. అంతవరకు వాణ్ణి నొక్కితే నా సత్తువే కరిగేది. ఊరి మేలు కోసం సొంత జేబులోంచి తీసేవారెందరు? సత్తువ వచ్చాక కొందరు వాణ్ణి దొంగల మీద, కొందరు పగవాళ్ల మీద వాడారు. 2020లో ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నారు. ఒప్పుకోనివారు మార్చిలో హైవ్ పేరుతో వేరు కాపురం పెట్టారు. అక్కడా నా పని ఇదే.

నన్ను చేసినవాళ్లు ఓటుకు ధర కట్టారు, చదవడానికి కట్టలేకపోయారు. చదివారో లేదో ఏ బ్లాక్‌చెయిన్‌కూ తెలియదు మరి. రేపు ఏ వేదికైనా "రాయండి, సంపాదించండి" అని పిలిస్తే ఒక్కటి అడగండి: ఇక్కడ తన డప్పు తాను కొట్టుకుంటే ఎక్కువ వస్తుందా, ఎదుటివాడి రాత చదివితే ఎక్కువ వస్తుందా? మొదటిదే అయితే మీ మంచి రాతను అక్కడికి తీసుకెళ్లకండి.