కనెక్షన్ తెంచనివాడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊళ్లో దిగినా వీడొకడు తగులుతాడు. 2020లో కరోనా రోజుల్లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని బెంగళూరు నుంచి ఇల్లు చేరి, "పిలిచినప్పుడు పోదాంలే" అని మేడమీది గదిలో పాతుకుపోయినవాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఆళ్లగడ్డలోనైతే వీడి మీటింగులకు శిల్పుల ఉలి చప్పుడు కూడా హాజరవుతుంది. అమెరికావాళ్లు ఏమిటా శబ్దమని అడిగితే "దేవుణ్ణి చెక్కుతున్నారు" అని మ్యూట్ నొక్కేస్తాడు. అటునుంచి ఇంకో ప్రశ్న రాదు.

వీడికీ వాళ్ల నాయనకూ నేరుగా మాటల్లేవు. అంతా అమ్మ ద్వారానే.

"ఇంతకీ ఏం పని చేస్తాడంట, అడుగు."

"జనం అడిగేవన్నీ ముందు మా ప్రాక్సీ సర్వర్‌కొస్తాయి. అది వెనకున్న సర్వర్లను అడిగి జవాబు తెచ్చిస్తుందని చెప్పు మా."

"అంటే బ్రోకరా? బ్రోకరైతే ఈపాటికి నంద్యాలలో రెండు ప్లాట్లు కొనింటాడు కదా, అడుగు."

2004లో ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా ఆయన లోకానికి వదిలిన ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వీడి కులదైవం. అహోబిలం నరసింహస్వామి తర్వాతే అని అమ్మ నమ్మకం. టీ కొట్టు దగ్గర దొరికారా, అయిపోయారు. "ఒక్కో కనెక్షన్‌కు పలకరింపులకే మూడు ప్యాకెట్లు ఖర్చన్నా. భద్రత కావాలంటే ఇంకో విడత. అందుకే తెరిచిన కనెక్షన్ మూయకుండా అందరికీ అదే వాడతాం" అంటాడు. 1997లో వచ్చిన వెబ్ నియమావళి హెచ్‌టీటీపీ 1.1 నుంచి ఈ కీప్-అలైవే ఆనవాయితీ.

ఇంట్లో ఆ కీప్-అలైవ్ అమ్మ. ప్రతి ప్రశ్నకూ ఎక్కి దిగితే మోకాళ్లు ఆగవని నడిమెట్టు మీదే తిష్ట వేసింది. నాయన, అవ్వ, తమ్ముడు, ముగ్గురికీ ఆమే దిక్కు. వీడేమో చెవుల్లో హెడ్‌ఫోన్లతో తీరిగ్గా జవాబిస్తాడు. ఒకరోజు నాయన "నంద్యాలలో ఆ పిల్లను చూసేకి పోదామా, అడుగు" అన్నాడు. అమ్మ అడిగేసింది. అంతలో "వద్దులే" అని ఆయన చేలోకి పోయాడు. అవ్వ సంగటి తింటాడేమో అడగమంది. పైనుంచి మొదటి జవాబు దిగింది: "ఇంకో ఏడాది ఆగమను." అమ్మ అదే అవ్వకు చేరవేసింది. తమ్ముడు బైకు అడిగితే "సరే, నెయ్యి ఎక్కువేయమను" అని వచ్చింది. చివరికి పెండ్లిళ్ల పేరయ్య ఫోను చేసి అబ్బాయి ఏమంటాడని అడిగితే, "ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతాడంట" అని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

నవ్వకండి. 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో జరిగిందీ ఇదే. అందరూ పంచుకునే కనెక్షన్‌లో ఒక ప్రశ్న పోయాక, జవాబు తీసుకునేలోపే అడిగినవాళ్లు రద్దు చేసుకుంటే, ఆ జవాబు అక్కడే మిగిలి తర్వాత అడిగినవాళ్లకు పోయేది. రెడిస్ అనే డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీలో తప్పు అది. ఒకరి సంభాషణల శీర్షికలు ఇంకొకరికి కనబడ్డాయి. ఆ రోజు కొన్ని గంటల వ్యవధిలో వాడుతూ ఉన్న ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మందికి సంబంధించి చెల్లింపుల వివరాలు కొన్ని బయటపడి ఉండొచ్చని కంపెనీయే ఒప్పుకుంది.

దీనికి మందు వీడికి తెలుసు. ప్రశ్న మధ్యలో ఆగిపోయిన కనెక్షన్‌ను నమ్మకూడదు, తెంచేసి కొత్తది తెరవాలి. ఆఫీసులో ఆ నియమం తప్పడు. ముక్కూమొహం తెలియని లక్షలమందిలో ఎవరి జవాబు వాళ్లకే చేరుస్తాడు. ఇంట్లో మాత్రం నాలుగు మెట్లు దిగి నాయనతో నేరుగా ఒక్క మాట అనడు.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఉంటే నా మాట వినండి. ఒకటడిగి, దాని జవాబు చేతికొచ్చాకే రెండోది అడగండి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు కట్టి ఈ తికమక తీర్చింది గానీ, అదింకా ఆళ్లగడ్డ మేడమెట్లు ఎక్కలేదు.