ప్రశాంతంగా పగిలే తలలు

దసరా దగ్గరపడింది. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి కర్రలతో జరిగే బన్ని ఉత్సవం ఏర్పాట్ల మీద అధికారుల సమీక్ష కూడా అయిపోయింది. సీసీ కెమెరాలు, డ్రోన్లు, వందల్లో పోలీసులు, కొండంతా లైట్లు. అన్నిటిలోకీ నాకు ముచ్చటేసింది మాత్రం తాత్కాలిక ఆసుపత్రి.

పెళ్ళికి ముందు పందిరి వేసినట్టు బన్నికి ముందు మంచాలు వేస్తున్నారు. తలలింకా ఇళ్ళల్లో భద్రంగానే ఉన్నాయి, కుట్లు వేసే దారం మాత్రం కొండ కిందికి చేరిపోతుంది. డాక్టర్లకు డ్యూటీలు పడతాయి. అంబులెన్సులు ఆదోని వైపు మూతి తిప్పుకుని సిద్ధంగా ఉంటాయి. దెబ్బ తగలకుండా ఆపాల్సిన ప్రభుత్వం, తగిలినవాణ్ణి ఏ పడక మీద పడుకోబెట్టాలో ముందే చూసి పెడుతుంది. ఇందులో సగం ముందుచూపు ఆలూరు ప్రాంతపు తాగునీటి మీద పెడితే ఎంత బాగుండేది!

తెల్లారాక ప్రకటన రానే వస్తుంది: చెదురుమదురు ఘటనలు తప్ప ఉత్సవం ప్రశాంతం. నిరుటికన్నా గాయాలు తగ్గాయని ఒకరు సంతోషిస్తారు. 100 మందికి పైగా గాయపడిన ఏడాదులున్నాయి కాబట్టి తగ్గించి చూపడం కష్టమేం కాదు. ఇంతకీ ఎన్ని తలలదాకా ప్రశాంతం అంటారు? పదిహేను కుట్లదాకా భక్తి, పదహారో కుట్టు నుంచి కేసు అని ఏదైనా జీవో ఉందా? ఉంటే గుడి ముందు బోర్డు కట్టించండి, భక్తులు లెక్క చూసుకుని కొట్టుకుంటారు.

అబ్బే, కొట్లాట కాదండీ, ఊరేగించే దేవుడి విగ్రహాల కోసం పోటీ అంటారు. నెరణికి, కొత్తపేట ఒకవైపు, అరికెర, సుళువాయి, ఎల్లార్తి లాంటి ఊళ్ళు ఇంకోవైపు. మరి కర్రకు ఇనుప రింగులెందుకయ్యా అంటే, ఆచారం. పగిలిన తలకు పసుపు అద్దితే చాలట, అదీ ఆచారమే. సారా మాత్రం ఎవరూ తేలేదు, దానంతటదే వచ్చింది.

వెటకారం ఇక చాలు. దెబ్బలు తినేదెవరు? పండగ పోయాక పిల్లాజెల్లాను వెంటేసుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలసపనికి, పోయే కూలోళ్ళు. చెయ్యి విరిగినవాడు ఏ చేత్తో కాయ కోస్తాడు? ప్రాణాలు పోయిన ఏడాదులూ ఉన్నాయి. పోయినవాడి ఇల్లాలి ముందు నిలబడి సంప్రదాయం గొప్పతనం చెప్పే దమ్ము ఎవరికైనా ఉందా? ఓట్ల కోసం దీన్ని మోసే నాయకుడు తన కొడుకును ఒక్క దసరాకైనా కర్రిచ్చి ఆ గుంపులోకి పంపాడా? సిగ్గు లేకపోతే సరి!

పోనీ, ఆచారం అంటున్నారు కాబట్టి మీ స్థలపురాణమే వినండి. మణి, మల్లాసురులు చచ్చేముందు ఏటా నరబలి అడిగారట. శివుడు కుదరదన్నాడట, పిడికెడు రక్తంతో సరిపెట్టాడట. ఆ పిడికెడూ రక్షపడ అనే చోట, దేవుడి సేవకుడైన గొరవయ్య తన తొడ నుంచి ఏటా ఇస్తూనే ఉన్నాడు. రాక్షసుల బాకీ అక్కడికి తీరిపోయింది. దేవుడు వద్దన్నదాన్ని దేవుడి పేరుతోనే చెల్లిస్తున్నారు మీరు.

కలెక్టరు మాట మీరు వినరు. ఎస్పీ మాట అసలే వినరు. కానీ పండగకు ముందు పాలు ముట్టి, మా మధ్య కక్షల్లేవని చేసే పాలబాస మీద మీకు గురి ఉంది. నెరణికి పెద్దలారా, కొత్తపేట పెద్దలారా, ఈసారి ఆ బాసలో ఇంకొక్క మాట చేర్చండి: ఇనుప రింగున్న కర్ర మా ఊరి పొలిమేర దాటదని.