శశక వాస్తు

మనుషుల ఇళ్లకు వర్తించే వాస్తుశాస్త్రం స్థలపరీక్షతో మొదలవుతుంది. జబ్బుపడిన కుందేలుకు ఇల్లు అమర్చే శాస్త్రం, అటువంటిదొకటి ఉన్నదని పండితులు ఒప్పుకున్న పక్షంలో, అరికాలి పరీక్షతో మొదలు కావలసి ఉంటుంది. మొదటిదానిలో ఈశాన్యం ఎటున్నదో దిక్సూచి చెబుతుంది. రెండోదానిలో మరుగుదొడ్డి ఏ మూలకు రావాలో కుందేలే నిర్ణయించి, నిర్ణయాన్ని అమలు జరిపిన తర్వాతనే ఇంటివారికి తెలియజేస్తుంది. ఆ మూలన బీరువా ఉన్నా, బియ్యం డబ్బా ఉన్నా, దేవుడి పటం ఉన్నా తీర్పు మారదు కాబట్టి, పెంటికల తట్టను తమకు నచ్చినచోట పెట్టి కుందేలును అక్కడికి రప్పించాలని చూసినవారు కొన్నాళ్లకు అలసిపోయి, తట్టనే కుందేలు దగ్గరికి జరపడం ఆనవాయితీ.

ఇక్కడ పరిశీలనకు తీసుకున్నది చేరదీసిన కుందేలు, అనగా ఒకరు ముచ్చటపడి కొని, ముచ్చట తీరాక వదిలేస్తే మరొకరి గుమ్మం చేరిన ప్రాణి. కృష్ణగిరి జిల్లా హోసూరులోని మూకండపల్లి ఇటువంటి ప్రాణులకు అనువైన క్షేత్రం. 1971లో ఏర్పడిన సిప్‌కాట్, అంటే తమిళనాడు ప్రభుత్వపు పరిశ్రమల ప్రోత్సాహక సంస్థ, ఆ దశాబ్దంలోనే హోసూరులో పారిశ్రామికవాడను తెరవగా, లారీలూ మోటారు సైకిళ్లూ చేతి గడియారాలూ తయారయ్యే ఆ కర్మాగారాల పక్కన ఊరు వఠారాలుగా, అద్దె గదులుగా పెరిగింది. అద్దె ఇళ్లలో ఉండేవారు ఉద్యోగంతో పాటు కదులుతారు. సామాన్ల వ్యానులో ఫ్రిజ్జుకూ, మంచానికీ, తులసి కుండీకీ చోటు దొరికిన తర్వాత, పిల్లవాడి పుట్టినరోజుకు కొన్న కుందేలుకు మాత్రమే చోటు చాలదు.

చేరదీసే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటున్నది. ఊరి బయటి బీళ్లలో, రాగిచేల గట్ల మీద కనిపించే గోధుమరంగు జీవి పెంపుడు కుందేలు కాదు. అది మెడ వెనుక నల్లమచ్చ ఉండే అడవి కుందేలు, కొందరు చెవులపిల్లి అని పిలిచేది దానినే. పెంపుడు కుందేళ్లన్నీ ఐరోపాకు చెందిన బొరియ కుందేలు సంతతి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు తెరవకుండా నేల కింద పుడతాయి. చెవులపిల్లి పిల్లలు ఒళ్లంతా బొచ్చుతో, విప్పారిన కళ్లతో గడ్డి మధ్యనే పుట్టి, తల్లి పాలివ్వడానికి వచ్చేదాకా కదలకుండా ఒంటరిగా కూర్చుంటాయి. దయగలవారు వాటిని దిక్కులేనివనుకుని బుట్టలో పెట్టుకుని ఇంటికి తెస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టుకోవడాన్ని కూడా వేటలో భాగంగానే నిర్వచించింది గనుక, ఆ దయ కాస్తా నేరంగా జమ అవుతుంది. దానికి సరైన ఇల్లు అది దొరికిన గడ్డిదుబ్బే. గాయపడి ఉంటే కబురు చేయవలసింది అటవీశాఖకు.

దొరికింది నిజంగా పెంపుడు కుందేలే అయితే, దానితో పాటు చాలాసార్లు ఒక ఇనుప తీగల పంజరం కూడా వస్తుంది. ఈ పంజరం మాంసం కోసం కుందేళ్లను పెంచేచోట పుట్టిన వస్తువు. పెంటికలు కిందికి రాలిపోవడానికి అక్కడ నేలను తీగతో అల్లుతారు, ఆ కుందేలు కొద్ది నెలలకు మించి బతకవలసిన అవసరమూ అక్కడ ఉండదు. ఇంట్లో కుదురుగా చూసుకుంటే అదే ప్రాణి 8, 10 ఏళ్లు బతుకుతుంది. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో జంతువును బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. తగినంత అంటే ఎంత అన్న ప్రశ్నకు బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంఘం ఒక కొలత చెప్పింది: రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు. అడుగుల్లో ఇది సుమారు పదికి ఆరున్నర. అంతకన్నా కాస్త పెద్ద గదిలో ముగ్గురు కుర్రాళ్లు షిఫ్టులవారీగా నిద్రపోవడం మూకండపల్లిలో ఎవరికీ వింత కాదు గనుక, ఈ కొలతను పైకి చదివేటప్పుడు పక్క గది బ్రహ్మచారులు డ్యూటీకి వెళ్లిన వేళ చూసుకోవడం వివేకం.

పంజరం ఏ రోగాన్ని తెస్తుందో చెప్పాలంటే అరికాలి దగ్గరికి రావాలి. కుక్కకూ పిల్లికీ పాదం కింద ఉండే మెత్తటి దిండు కుందేలుకు లేదు. దట్టమైన బొచ్చే దాని పాదరక్ష. తీగ మీదనో, గట్టి నేల మీదనో, తడిలోనో ఎక్కువకాలం కూర్చుంటే వెనుక మడమ బొచ్చు అరిగి, చర్మం ఎర్రబడి, పుండై, ముదిరితే ఎముకదాకా పోతుంది. దీనిని మడమ పుండు అనవచ్చు. దీని చికిత్సలో మందుకన్నా నేల ముఖ్యం. నేల అనగానే కృష్ణగిరి జిల్లాలో మరో చిక్కు ఎదురవుతుంది. జిల్లా గ్రానైటుకు ప్రసిద్ధి, ఇక్కడి ఇళ్లలో అద్దంలా మెరిసే రాతి నేల గృహస్థు పరువుకు గుర్తు. వేసవి మధ్యాహ్నం ఆ చల్లటి రాతి మీద పొట్ట ఆనించి, కాళ్లు బారచాపి పడుకోవడం కుందేలుకు పరమసుఖం. అదే రాతి మీద అది పరుగెత్తితే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారిపోతాయి. ఒంటి బరువులో దాని ఎముకల వాటా 7, 8 శాతానికి మించదు. వెనుక కాళ్ల కండరాలు మాత్రం బలమైనవి. ఈ రెంటికీ పొత్తు కుదరక, గట్టిగా తన్నిన తన్నుకు సొంత వెన్నెముకే విరిగిన సందర్భాలు పశువైద్యులకు తెలిసినవే. కనుక గది సగభాగంలో జంపఖానా పరిచి, సగం రాతిని వదిలేయడమే ఉత్తమమైన రాజీ. గోనెపట్టా చవకే గాని, దాని పీచు గోళ్లకు చిక్కుకుంటుంది, పళ్లకు దొరికితే కడుపులోకి పోతుంది. జంపఖానా అంచులను కుందేలు తన అభిరుచి మేరకు సవరిస్తుంది. దాన్ని పెళ్లిళ్లకు మళ్లీ వాడుకోవచ్చునన్న ఆశను ఆదిలోనే వదులుకోవాలి.

రెండో రోగం ముక్కుది. పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి వల్ల తరచుగా వచ్చే ఈ పడిశంలో కుందేలు తుమ్ముతూ, కారే ముక్కును ముందుకాళ్లతో తుడుచుకుంటుంది. ఆ కాళ్ల లోపలి బొచ్చు అట్టలు కట్టి ఉంటే, వైద్యుడు రాకముందే సగం రోగనిర్ణయం అయినట్టు. ఇటువంటి ప్రాణికి దుమ్మూ, మూత్రం నుంచి లేచే అమోనియా ఘాటూ విషంతో సమానం. వడ్రంగి దుకాణంలో ఉచితంగా దొరికే రంపపు పొట్టునూ, మిల్లు ఊకనూ తెచ్చి పరిచేవారు సదుద్దేశంతోనే పడిశాన్ని ముదరబెడతారు. పెంటికల తట్టలో పాత పత్రికలు పరిచి, వాటిమీద ఎండుగడ్డి వేసి, రోజూ మార్చడం మేలు. రాష్ట్రాల పునర్విభజన కాలంలో తమిళ, తెలుగు, కన్నడ భాషల నడుమ ఎవరిదన్న వాదం నడిచిన ఊరు హోసూరు. మూడు భాషల పత్రికలూ ఇక్కడ దొరుకుతాయి. కుందేలు ఆ మూడింటినీ ఏ పక్షపాతమూ లేకుండా ఒకే మోతాదులో తడుపుతుంది, సంపాదకీయం పేజీ అయితే ముందుగా కాస్త రుచి చూస్తుంది.

ఆ తట్టకు తగిలించి గడ్డి ఉండాలి, ఎందుకంటే కుందేలు తింటూనే విసర్జిస్తుంది, ఈ రెండు పనులకూ వేర్వేరు గదులన్నది మనిషి కల్పన. దాని ముందుపళ్లు జీవితాంతం వారానికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి నమిలితేనే పళ్లన్నీ అదుపులో ఉంటాయి, పేగు కదులుతుంది. గరిక, ఎండిన పచ్చిక శ్రేష్ఠం. రాగి గడ్డి రెండో వరస. పాడి ఆవులకు వేసే లూసర్న్‌లో సున్నం, అనగా కాల్షియం, అధికం. కుందేలు పేగు సున్నాన్ని అవసరంతో పనిలేకుండా పీల్చుకుని మిగులును మూత్రంలోకి పంపుతుంది కాబట్టి, మూత్రకోశ వ్యాధి ఉన్న కుందేలుకు ఆ మేత పెడితే గోడకు వేసే సున్నంలాంటిదే బయటికి వస్తుంది.

మూడోది మెడవాలు జబ్బు. చెవి లోపలి చీము వల్లగాని, ఎన్సెఫలిటోజూన్ అనే అతిసూక్ష్మ పరాన్నజీవి మెదడును తాకడం వల్లగాని తల ఒక పక్కకు ఒరిగి, లోకమంతా తిరుగుతున్నట్టు తోచి, కుందేలు దొర్లిపోతుంది. ఇంతవరకు చెప్పిన విశాలమైన గది దీనికి పనికిరాదు. దీనికి ఇరుకైన చోటు, చుట్టూ చుట్టచుట్టిన దుప్పట్ల గోడలు, ఎక్కడానికి మెట్టు లేని నేల, ఒలకని వెడల్పు నీళ్లగిన్నె కావాలి. కోలుకునే కొద్దీ గోడలను వెనక్కి జరపాలి. వెనుక కాళ్లు చచ్చుబడిన కుందేలుకైతే మెత్తనిదీ, తడిని పీల్చేదీ అయిన పరుపు వేయాలి, ఒళ్లు తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది గనుక పూటపూటా తుడవాలి. ఒకే కుందేలుకు ఈ రోగాల్లో రెండు కలిసి వచ్చినప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. తాత పంజరమంటాడు, కోడలు బాల్కనీ అంటుంది, పిల్లవాడు తన మంచమంటాడు; ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు. నాలుగో కాలికి నిజంగానే కట్టు ఉన్న కుందేలు ఈ వాదమంతా బీరువా కింది నుంచి వింటుంది.

మిద్దె మీద రేకుల షెడ్డు వేయాలన్న ప్రతిపాదన ప్రతి ఇంటా ఒకసారైనా వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరును ఆంగ్లేయులు చిన్న ఇంగ్లండు అన్నారన్న ప్రతీతిని నమ్మి ఈ పని చేయరాదు. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని చాలావరకు చెవుల గుండా వదులుకోవాలి. గాలి 30 డిగ్రీలు దాటితే ఆ ఏర్పాటు చాలదు, రేకు కింద ఏప్రిల్ మధ్యాహ్నం అంతకన్నా ఎంత ఎక్కువో చేతితో తాకిన వారికి తెలుసు. పైగా గద్ద, పిల్లి, కోతి అక్కడికి సులువుగా చేరతాయి. అవి కరవనక్కరలేదు, కనిపిస్తే చాలు. భయానికి కుందేలు పేగు కదలిక ఆగిపోతుంది, మేత మాని పెంటికలు వేయక అర్ధదినం గడిస్తే అది ప్రాణాపాయమే. పంచతంత్రంలో తమ నివాసాలను తొక్కే ఏనుగులను ఒక కుందేలు చంద్రుడి పేరు చెప్పి వెనక్కి పంపింది. హోసూరు పక్కనున్న సానమావు అడవికి ఏనుగులు వచ్చి రాగిచేలలో దిగుతున్నా, అటవీశాఖ టపాసులనే నమ్ముకున్నది తప్ప కుందేళ్ల దౌత్యాన్ని వినియోగించుకోలేదు. ఆ జాతి ధైర్యం మీద వారికున్న అంచనా కథకుడి అంచనాకన్నా సరైనది.

కాబట్టి మిగిలేది మనుషులు తిరిగే గదే. వేసవికి ఒక పాత మట్టి బానను పక్కకు వాల్చి పెడితే బొరియా అవుతుంది, చల్లదనమూ ఇస్తుంది. ఫోను ఛార్జర్ల తీగలను ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చాలి. కుందేలు దృష్టిలో తీగ అన్నది దారికి అడ్డొచ్చిన వేరు, దాన్ని తెంచడం పౌరధర్మం.

వైద్యుడి విషయం క్లుప్తంగా చెప్పుకోవాలి. హోసూరు శివారు మత్తిగిరిలో ఆంగ్లేయుల కాలంలో సైన్యపు గుర్రాల కోసం మొదలైన క్షేత్రం పశుక్షేత్రమైంది, దగ్గరలోనే కోళ్ల ఉత్పత్తిని బోధించే కళాశాల కూడా వెలిసింది. గుర్రానికీ ఆవుకూ కోడికీ ఇల్లెలా కట్టాలో తెలిసిన నేల ఇది. కుందేళ్ల వైద్యుడు మాత్రం తర్కశాస్త్రంలో లేని వస్తువుకు దృష్టాంతంగా చెప్పే కుందేటి కొమ్ములాగా ఉంటాడు. అయితే 1933లో అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ ఒక వైరస్ కారణంగా కుందేళ్ల తల మీద కొమ్ముల్లాంటివి మొలుస్తాయని నిరూపించాడు గనుక, తార్కికులు దృష్టాంతం మార్చుకోవాలి, పోషకులు ఆశ వదులుకోరాదు. హోసూరు నుంచి అత్తిబెలె మీదుగా సుమారు 40 కిలోమీటర్లు పోతే బెంగళూరులో అటువంటి వైద్యులు దొరుకుతారు. వారు దొరికేదాకా ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్‌ను నోటి ద్వారా వేయరాదు, అది కుందేలు పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి కుందేలును కూడా తీసుకుపోతుంది. కుక్కకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే కూడా అంతే.

ఒంటరి కుందేలుకు తోడు కావాలన్నది నిజం, కాని తోడు తెచ్చే ముందు ఆడా మగా అన్నది అమ్మినవాడి మాట మీద నమ్మరాదు. గర్భం సుమారు 31 రోజులే. ఈనిన వెంటనే మళ్లీ కట్టగలదు. 1859లో థామస్ ఆస్టిన్ అనే దొర ఆస్ట్రేలియాలో వేట సరదాకు రెండు డజన్ల కుందేళ్లను వదలగా, 1907 నాటికి పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం వాటిని ఆపడానికి 3,000 కిలోమీటర్లకు పైగా కంచెలు కట్టి ముగించింది, అప్పటికే అవి కంచెకు ఇవతల ఉన్నాయి. ఆ దేశపు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఇప్పటికీ ఇంట్లో కుందేలును పెంచడం నేరం. అనుమతి పొందగల కొద్దిమందిలో ఇంద్రజాలికులు ఉన్నారు. శస్త్రచికిత్స చేయించకుండా జతను ఉంచుకున్న మూకండపల్లి గృహస్థు కూడా రెండు నెలల్లో ఆ వృత్తిలో చేరినట్టే.

చివరికి ఈ గృహప్రవేశానికి అనుమతి ఇవ్వవలసినది ఇంటి ఓనరు. ఆయన అడిగే మొదటి ప్రశ్న మొరుగుతుందా అని, రెండోది వాసన వస్తుందా అని. తలుపు చెక్క, గోడ మూల సున్నం, స్విచ్‌బోర్డు కింది తీగ గురించిన ప్రశ్నలు ఖాళీ చేసే రోజున వస్తాయి. ఆ రోజున అడ్వాన్సులో కోత ఎంత పడుతుందన్న విషయంలో భయపడనక్కరలేదు. రంగులు వేయించడానికని ఒక నెల అద్దె మినహాయించుకోవడం బెంగళూరు నుంచి హోసూరుదాకా కుందేళ్లు లేని ఇళ్లలోనూ ఆచారమే గనుక, గోడను కుందేలు ఎంత కొరికినా ఆ డబ్బు ముందే పోయినదిగా భావించి, మిగిలిన గోడను కూడా దానికే వదిలేయడం లెక్కప్రకారం సమంజసం.